మూడు గంటల ఒపెరా, ఏడేళ్ల ప్రేక్షకుడు

1791 అక్టోబరు 13 సాయంత్రం మొజార్ట్ తన కొడుకు కార్ల్‌నూ, అత్తగారినీ బండిలో ఎక్కించుకుని వియన్నా శివారులోని ఒక నాటకశాలకు వెళ్లాడు. కార్ల్‌కు ఏడేళ్లు నిండి అప్పటికి మూడు వారాలు. ఆ రాత్రి ఆడుతున్నది తండ్రి స్వరపరిచిన 'మంత్రవేణువు'. జర్మన్‌లో 'డీ త్సౌబర్‌ఫ్లోటె' అనీ, ఇంగ్లిష్‌లో 'ది మ్యాజిక్ ఫ్లూట్' అనీ పేరున్న ఆ ఒపెరా రెండు వారాల కిందట, సెప్టెంబరు 30న, తొలిసారి రంగస్థలమెక్కింది. తనను ఒపెరాకు తీసుకువెళ్లినందుకు కార్ల్ ఎంత సంబరపడ్డాడో మొజార్ట్ మరునాడు భార్యకు ఉత్తరం రాశాడు. ఆ రాత్రి ఆయన ఆహ్వానం మీద వచ్చిన మరో ఇద్దరు, ఆస్థాన సంగీత నిర్వాహకుడు సాలియేరి, గాయని కవాలియేరి. ఆస్థాన విద్వాంసుడికీ ఏడేళ్ల పిల్లవాడికీ ఒకే ప్రదర్శన, ఒకే నిడివి. పిల్లల కోసం వేరే కూర్పు ఒకటి ఉండాలన్న ఆలోచన ఆనాడు ఎవరికీ కలగలేదు.

ఆ ఆలోచన ఇప్పుడు యూరప్, అమెరికాలలోని పెద్ద ఒపెరా సంస్థలు చాలావాటిలో స్థిరపడిపోయింది. వియన్నా స్టేట్ ఒపెరాలో ఏటా జరిగే ఒపెరా బాల్ కోసం ప్రేక్షకుల కుర్చీలు తీసేసి, వేదికతో సమానంగా నేల పరుస్తారు. 2003లో మొదలైన ఒక ఆనవాయితీ ప్రకారం, ఆ నృత్యోత్సవం ముగిసిన మరునాడు అదే నేల మీద, అదే అలంకరణ మధ్య 'పిల్లల మంత్రవేణువు' ఆడతారు. సుమారు గంటసేపు సాగే ఆ ప్రదర్శనను రెండు విడతల్లో కలిపి దాదాపు 7,000 మంది బడిపిల్లలు చూస్తారు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపెరా 2004లో జూలీ టేమోర్ దర్శకత్వంలో ఇదే కృతిని భారీ బొమ్మలతో, కొత్త వేషాలతో నిర్మించింది. 2006 డిసెంబరులో దానిని ఇంగ్లిష్‌లోకి మార్చి, విరామం లేకుండా సుమారు 100 నిమిషాలకు కుదించి, సెలవుల్లో కుటుంబాల కోసం ఆడించింది. ఆ కుదించిన కూర్పే డిసెంబరు 30న సినిమాహాళ్లకు ప్రత్యక్షంగా ప్రసారమైంది. ఆ సంస్థ తర్వాత ఏటా కొనసాగించిన సినిమాహాళ్ల ప్రసారాలకు ఆరంభం ఈ పిల్లల కూర్పుతోనే జరిగింది.

ఈ కూర్పులన్నిటి వెనుక ఒక ఊహ ఉంది: పిల్లలకు ఒపెరా కష్టం కావడానికి కారణం దాని నిడివి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఏడేళ్ల పిల్లవాడు మూడు గంటలు కుర్చీలో కదలకుండా కూర్చోవడం శరీరానికే భారం. అయితే కత్తెర పట్టుకున్నవారు తీసేయవలసినదాన్ని వదిలేసి, ఉంచవలసినదాన్ని తీసేయడం తరచుగా జరుగుతుంది. పక్షులు పట్టేవాడి హాస్యం, గంటల మోత, రాణిగారి తారస్థాయి పాట మిగులుతాయి. ఎవరు ఎవరిని ఎందుకు ద్వేషిస్తున్నారో చెప్పే నాలుగు మాటలూ, ఒక అమ్మాయి ఏడ్చే నాలుగు నిమిషాలూ పోతాయి. పిల్లలకు అర్థం కాకపోవడం అక్కడే మొదలవుతుంది. పొడవైన కథను వాళ్లు ఓపికగా వింటారు. కారణం లేని కథను వినలేరు.

కుదింపు ఎంత సులభమన్నది ముందుగా ఆ కృతి అల్లిక మీద ఆధారపడి ఉంటుంది. 'మంత్రవేణువు' జర్మన్లు సింగ్‌ష్పీల్ అని పిలిచే కోవకు చెందినది. అందులో పాత్రలు పాట పాడతాయి, పాట ఆగాక మామూలుగా మాట్లాడతాయి. యక్షగానంలో దరువుకూ దరువుకూ నడుమ వచనం వచ్చే పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఈ మాటల భాగాన్ని ఏ భాషలోకైనా మార్చవచ్చు, సగానికి తగ్గించవచ్చు, పక్షులు పట్టే పాపగేనో పాత్రధారి చేత పిల్లలతో నేరుగా చెప్పించవచ్చు. సంగీతం మీద చెయ్యి పడదు. రొస్సీని 'సెవిల్లే క్షురకుడు' వంటి ఇటాలియన్ ఒపెరాలలో ఆ సౌకర్యం తక్కువ. అక్కడ సంభాషణ కూడా రెసిటేటివ్ అనే పద్ధతిలో, హార్ప్సికార్డ్ వంటి వాద్యం తోడుగా, సగం మాటగా సగం పాటగా నడుస్తుంది. ఒక పాట ఆధారశ్రుతి నుంచి తర్వాతి పాట శ్రుతికి చెవిని మెల్లగా చేర్చే పని కూడా దానిదే. దాన్ని తీసేసి వ్యాఖ్యాతను పెడితే కథ తెలుస్తుంది గాని, రెండు పాటల మధ్య వంతెన కూలిపోతుంది. జర్మన్ స్వరకర్త వాగ్నర్ దగ్గరకు వచ్చేసరికి అసలు అతుకులే కనబడవు; ఎక్కడ కత్తెర పెట్టినా ప్రవాహం మధ్యలోనే పెట్టాలి. అయినా వాగ్నర్ ఒపెరాల కోసమే జర్మనీలో జరిగే బైరాయిట్ ఉత్సవం 2009లో 'ఫ్లయింగ్ డచ్‌మన్'తో మొదలుపెట్టి వాగ్నర్ కృతులను పిల్లల కోసం వరుసగా కుదిస్తూ వచ్చింది. నాలుగు రాత్రుల్లో దాదాపు 15 గంటలు సాగే 'రింగ్' కూడా వాటిలో ఉంది. వాగ్నర్ పేరు వింటేనే పెద్దలు జంకే చోట ఈ పని చేయడానికి సాహసం కావాలి, అంతకు మించి స్వరలిపిని కొలతకు తగ్గట్టు కుట్టగల దర్జీ పనితనం కావాలి.

'మంత్రవేణువు' కథను గుర్తు చేసుకుంటే కారణాల సంగతి స్పష్టమవుతుంది. పాము తరుముతున్న రాజకుమారుడు టమీనోను ముగ్గురు పరిచారికలు కాపాడతారు. వాళ్ల యజమానురాలు నిశారాణి. సరాస్ట్రో అనే దుర్మార్గుడు తన కూతురు పమీనాను ఎత్తుకుపోయాడని, ఆమెను విడిపించమని టమీనోను ఆమె వేడుకుంటుంది. తోడుగా పక్షులు పట్టే పాపగేనో బయలుదేరతాడు; ఒకరికి మంత్రవేణువు, ఇంకొకరికి మంత్రగంటలు దక్కుతాయి. తీరా అక్కడికి వెళ్తే సరాస్ట్రో దుర్మార్గుడు కాదు, జ్ఞాని. రెండో అంకంలో అదే రాణి కూతురి చేతికి కత్తి ఇచ్చి సరాస్ట్రోను చంపమంటుంది. లోకమంతా ఎరిగిన ఆ తారస్థాయి పాట వచ్చేది అప్పుడే. సినిమాల్లోనూ, ప్రకటనల్లోనూ, ఫోన్లలోనూ ఆ పాట ముక్క విన్న పిల్లలకు దాని వెనుక ఉన్నది కూతుర్ని హత్యకు పురికొల్పే తల్లి అని తెలియకపోవచ్చు. ఆమెకు అంత కోపం ఎందుకో పెద్దలకు కూడా చాలా సందర్భాల్లో తెలియదు.

కారణం మాటల భాగంలో ఉంది. ఆ పాటకు ముందు రాణి కూతురికి చెబుతుంది: నీ తండ్రి చనిపోతూ సప్తవలయ సూర్యచక్రాన్ని నాకు ఇవ్వకుండా సరాస్ట్రో వర్గానికి అప్పగించాడు, దానిని సరాస్ట్రో ఇప్పుడు రొమ్ము మీద ధరిస్తున్నాడు. ఒక వారసత్వ తగాదా, ఒక అవమానం, భర్త తనను నమ్మలేదన్న బాధ, అన్నీ ఆ కొద్ది మాటల్లో ఉన్నాయి. పెద్దల ప్రదర్శనల్లోనే ఈ సంభాషణను కోసేసే అలవాటు ఎక్కువ, పిల్లల కూర్పుల్లో మరీ ఎక్కువ. దాంతో మొదటి అంకంలో ఏడ్చిన తల్లి రెండో అంకంలో ఏ కారణమూ లేకుండా రాక్షసిగా మారిపోతుంది. 'మరి ఆమె ముందు మంచిది కదా?' అని అడిగే పిల్లవాడి ప్రశ్న పూర్తిగా న్యాయమైనది, దానికి జవాబు కత్తిరించి పారేసిన కాగితంలో ఉండిపోయింది. అరనిమిషం కూడా పట్టని ఆ నాలుగు వాక్యాలను ఉంచడం కోసం వేరే పాటలో ఒక చరణం తీసేసినా తప్పులేదు. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1975లో టెలివిజన్ కోసం ఈ ఒపెరాను చిత్రించినప్పుడు ఈ చిక్కును మరో దారిలో విప్పాడు. సరాస్ట్రోను పమీనాకు తండ్రిగా మార్చాడు. అప్పుడది విడిపోయిన తల్లిదండ్రుల నడుమ నలిగే కూతురి కథ అయింది. ఆ నొప్పి ఏమిటో ఎవరూ పిల్లలకు వివరించవలసిన అవసరం ఉండదు. మూలాన్ని అంతగా మార్చడం అందరికీ నచ్చకపోవచ్చు గాని, లోటు ఎక్కడుందో ఆయన సరిగ్గా పసిగట్టాడు.

కథ మలుపు తిరిగే చోటు కూడా ఇలాంటి ప్రమాదంలోనే ఉంది. మొదటి అంకం చివర టమీనో ఆలయం తలుపు తట్టినప్పుడు ఒక వృద్ధ పూజారి బయటికి వచ్చి, సరాస్ట్రో దుర్మార్గుడని నీకెవరు చెప్పారు, రుజువేమిటి అని అడుగుతాడు. ఆ సన్నివేశంలో పట్టుకుని కూనిరాగం తీయగల పాట లేదు. వాద్యాల తోడుతో ప్రశ్న, జవాబు, మళ్లీ ప్రశ్న అంతే. కుదించే కళ్లకు అది ఖాళీ జాగాలా కనిపిస్తుంది. నిజానికి తాను నమ్మినది తప్పేమోనని నాయకుడు మొదటిసారి అనుమానించేది అక్కడే. పూజారి వెళ్లిపోయాక చీకట్లో ఒంటరిగా నిలబడి, ఈ రాత్రి ఎప్పుడు తొలగుతుందని టమీనో అడుగుతాడు; కనబడని గొంతులు 'త్వరలో, లేదా ఎన్నటికీ కాదు' అంటాయి. పమీనా బతికే ఉందా అని అడుగుతాడు. ఉందని అవే గొంతులు చెబుతాయి. ఆ తర్వాతే అతడు వేణువు ఊదుతాడు, మృగాలు బయటికి వచ్చి ఆడతాయి. మృగాల ఆట ఒక్కటే ఉంచి ముందున్న చీకటిని తీసేస్తే అది సర్కస్ అంశంగా మిగులుతుంది.

దుఃఖం విషయం ఇంతకన్నా సున్నితమైనది. సరాస్ట్రో వర్గంలో చేరడానికి పెట్టిన మౌనవ్రత పరీక్షలో ఉన్న టమీనో పమీనా ఎంత పిలిచినా పలకడు. పరీక్ష సంగతి ఆమెకు తెలియదు, తనను విడిచిపెట్టేశాడనుకుంటుంది. అప్పుడామె పాడే ఆరియా (ఒక్కరే పాడే పాట) దిగులు పలికే శ్రుతి అయిన జి మైనర్‌లో, నెమ్మది నడకలో, సుమారు నాలుగు నిమిషాలు సాగుతుంది. వేదిక మీద కదలిక ఏమీ ఉండదు. పిల్లలు అటూ ఇటూ కదలడం మొదలుపెడతారన్న భయంతో నిర్వాహకులు దీన్ని సగం చేయడమో, పూర్తిగా ఎత్తేయడమో మొదటి పరిష్కారంగా ఎంచుకుంటే ఆశ్చర్యం లేదు. కాని బడిలో ప్రాణస్నేహితురాలు ఒకరోజు ఉన్నట్టుండి మాట్లాడడం మానేస్తే ఎలా ఉంటుందో తెలియని ఎనిమిదేళ్ల పిల్ల ఉండదు. ఒపెరాలోని ప్రేమలూ, ప్రతిజ్ఞలూ, ఆలయ రహస్యాలూ పిల్లలకు దూరపు విషయాలే కావచ్చు. ఈ ఒక్క పాట మాత్రం నేరుగా వాళ్లదే. దీన్ని పెద్దల పాటగా లెక్కగట్టి తీసేయడం పిల్లల అనుభవాన్ని తక్కువ చేయడమే.

దీనికి స్వరకల్పనలోనే ఒక సాక్ష్యం ఉంది. ఆ తర్వాత పమీనా కత్తితో ప్రాణం తీసుకోబోతే ముగ్గురు బాలురు వచ్చి ఆపుతారు. ఇంకొంతసేపటికి, తనకు జోడు దొరకలేదని పాపగేనో చెట్టుకు ఉరి వేసుకోబోతాడు. లోకానికి వీడ్కోలు చెప్పేటప్పుడు ఆ నవ్వించేవాడి సంగీతం కూడా పమీనా ఏడ్చిన జి మైనర్‌లోకే జారుతుంది. అతణ్ని ఆపేది కూడా ఆ ముగ్గురు బాలురే. రాజకుమారికీ, పక్షులు పట్టేవాడికీ ఒకే దుఃఖం, ఒకే ఓదార్పు. మొదటిదాన్ని తీసేస్తే రెండోది ప్రతిధ్వని లేని హాస్యంగా మారిపోతుంది. పైగా ఆ ముగ్గురు బాలుర పాత్రలను చాలా ప్రదర్శనల్లో నిజమైన పిల్లలే పాడతారు. ప్రాణం తీసుకోబోయే పెద్దలను పిల్లలు ఆపడం అన్నది కుర్చీల్లో కూర్చున్న పిల్లలకు ఎంత పెద్ద గౌరవమో నిర్వాహకులు గుర్తించాలి. ఆత్మహత్య ప్రస్తావనను చిన్న వయసు ప్రేక్షకుల ముందు జాగ్రత్తగా చూపాలన్నది కాదనలేని మాట. కత్తిని చూపకుండా, తాడు బదులు పాపగేనో అడవిలోకి శాశ్వతంగా వెళ్లిపోబోతున్నట్టు చూపినా సంగీతం చెప్పవలసింది చెబుతుంది. తీయవలసింది ఆ వస్తువును; ఆ బాధను కాదు.

మొదటినుంచీ పిల్లల కోసమే రాసిన ఒపెరాలు ఈ విషయంలో కుదింపుల కన్నా ధైర్యంగా ఉన్నాయి. హుంపర్‌డింక్ 'హెన్సెల్, గ్రేటెల్' 1893 డిసెంబరు 23న వైమార్‌లో రిచర్డ్ ష్ట్రౌస్ నిర్వహణలో తొలిసారి ప్రదర్శితమైంది. దాని పుట్టుక స్వరకర్త చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టె తన పిల్లల కోసం అడిగిన కొన్ని పాటలు. కథలో ఆకలి ఉంది, విసిగిపోయి పిల్లలను అడవికి తరిమే తల్లి ఉంది, పిల్లలను పొయ్యిలో పెట్టే మంత్రగత్తె ఉంది. వాద్యరచన వాగ్నర్ దగ్గర పనిచేసిన మనిషిది, దట్టమైనది. దాన్ని పిల్లలు 130 ఏళ్లకు పైగా చూస్తూనే ఉన్నారు. బెంజమిన్ బ్రిటెన్ 1949 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆల్డ్‌బరాలో ప్రదర్శించిన 'లిటిల్ స్వీప్' పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే పనికి అమ్ముడుపోయిన ఒక బాలుడి కథ. గొట్టంలో ఇరుక్కున్న ఆ బాలుణ్ని ఇంటి పిల్లలు రహస్యంగా కాపాడతారు. క్రూరమైన విషయమే. కాని అందులో ప్రేక్షకులు పాడవలసిన పాటలు నాలుగున్నాయి, ప్రదర్శనకు ముందు వాటిని హాలు మొత్తానికి నేర్పుతారు.

తీసేయవలసినవి లేవని కాదు. 'మంత్రవేణువు'లో మోనోస్టాటోస్ అనే పాత్ర నల్లజాతీయుడు. నల్లగా ఉన్నవాణ్ని ఎవరూ ప్రేమించరన్న అర్థం వచ్చే పాట అతడి చేతే పాడిస్తారు. స్త్రీలకు మాటలు ఎక్కువ, చేత తక్కువ అని పూజారులు పదే పదే అంటారు. 18వ శతాబ్దపు వియన్నాలో చెల్లిన ఈ మాటలను పిల్లల ముందు వ్యాఖ్య లేకుండా పలికించడానికి సమర్థన లేదు. పెద్దల ప్రదర్శనల్లో కూడా ఇప్పుడు వీటిని మారుస్తున్నారు. మోనోస్టాటోస్ దుర్మార్గం అతడి రంగులో కాదు, నిద్రపోతున్న అమ్మాయి మీదికి దొంగచాటుగా రావడంలో ఉంది. ఒక మాట మార్చితే పాత్రా నిలుస్తుంది, పరుగెత్తే ఆ సంగీతమూ నిలుస్తుంది. నొప్పి కలిగించే విషయానికీ, అవమానించే మాటకూ ఉన్న ఈ తేడాను కూర్పరి పట్టుకోవాలి. చాలామంది రెండింటినీ ఒకే గంపలో వేసి, మొదటిదాన్ని పారేసి రెండోదాన్ని పొరపాటున ఉంచేస్తుంటారు.

పిల్లలకు ముందే తెలిసిన కథ విషయంలో మరో రకం తప్పు జరిగే అవకాశం ఉంది. రొస్సీని 1817లో రోమ్‌లో ప్రదర్శించిన 'లా చెనెరెంతోలా' సిండరెల్లా కథే. మిలాన్‌లోని లా స్కాలా పిల్లల కోసం చేపట్టిన ఒపెరాల వరుస దీని కుదించిన కూర్పుతోనే మొదలైంది. ఇందులో దేవత లేదు, గుమ్మడికాయ రథం లేదు, గాజు చెప్పు అసలే లేదు. విందులో యువరాజుకు నాయిక తన జత కంకణాల్లో ఒకటి ఇచ్చి, దీని జోడు నా చేతికి ఉంటుంది, వెతికి కనుక్కో, అప్పుడు కూడా నేను నీకు నచ్చితే నీదాన్నవుతాను అంటుంది. చెప్పు జారిపడడం ప్రమాదం. కంకణం ఇవ్వడం నిర్ణయం. అంతకన్నా ముఖ్యంగా, తన పేదరికంతో సహా తనను చూడమని అతడికి పెట్టిన షరతు. పిల్లలు చెప్పు కోసం ఎదురుచూస్తారని భావించి కంకణం బదులు చెప్పును పెడితే, ఈ కృతిలో నాయిక చేసిన అతి ముఖ్యమైన పని చేజారిపోతుంది. తెలిసిన కథ వేరుగా నడవడం పిల్లలకు ఇబ్బంది కాదు. 'అలా కాదు కదా!' అని తాతమ్మను మధ్యలో ఆపే అలవాటున్న శ్రోతలు వాళ్లు. తేడా కనబడితే మరింత శ్రద్ధగా వింటారు.

వాద్యబృందాన్ని తగ్గించడం వెనుక ఖర్చు ఒక్కటే కారణం కాదు. బడి హాలులో స్థలం ఉండదు. మొజార్ట్ ఈ ఒపెరాకు తీగవాద్యాలతో పాటు జతలు జతలుగా వేణువులు, ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు, ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, తాళవాద్యాలు, గంటల వాద్యం రాశాడు. వీటన్నిటి బదులు ఒక పియానో పెట్టినా బతికే పాటలు ఉన్నాయి. 2010లో పారిస్‌లో పీటర్ బ్రూక్ ఒక్క పియానోతో, కొన్ని వెదురుకర్రలతో ఈ కృతిని ఆడించాడు. 2007లో దక్షిణాఫ్రికా ఇసాంగో బృందం మొత్తం వాద్యబృందం బదులు మరింబాలు అనే చెక్కపలకల వాద్యాలు వాడింది. పెద్దల కోసం చేసిన ఈ రెండు ప్రయోగాల్లోనూ లోటు కనబడలేదు, ఎందుకంటే ఆ వాద్యాలను పేద ప్రత్యామ్నాయంగా కాక మరో ఊహగా వాడుకున్నారు. కాని టమీనో, పమీనా కలిసి అగ్ని, జల పరీక్షల గుండా నడిచే చోట మొజార్ట్ ఒంటరి వేణువు కింద ఇత్తడి వాద్యాలను, తాళవాద్యాన్ని అతి మెల్లగా పలికిస్తాడు. భయంకరమైన చోటు మీదుగా ఒక సన్నని స్వరం దాటిపోతున్నట్టుంటుంది. అక్కడ ఒక నిజమైన వేణువు అయినా లేకపోతే ఒపెరా పేరుకే అర్థం ఉండదు. అంతకు ముందే పమీనా ఆ వేణువు పుట్టుక చెబుతుంది: ఉరుములు మెరుపులు కురుస్తున్న ఒక మాయఘడియలో తన తండ్రి వెయ్యేళ్ల ఓక్ చెట్టు లోతుల నుంచి దాన్ని చెక్కాడట. కథలు వినే వయసున్న పిల్లలకు ఇంతకన్నా విలువైన వాక్యం ఈ ఒపెరాలో మరొకటి లేదు.

గొంతు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. సరాస్ట్రో పాడే అట్టడుగు స్వరానికీ, రాణి అందుకునే అత్యున్నత స్వరానికీ మధ్య సరిగ్గా నాలుగు స్థాయిల దూరం. రెండూ ఎఫ్ స్వరాలే. ఒపెరా గాయకులు మైకు లేకుండా వాద్యబృందాన్ని దాటి వినిపించేలా పాడతారు. ఇయర్‌ఫోన్లలో, స్పీకర్లలో తప్ప పాట వినని పిల్లలకు ఒక మనిషి శరీరం నుంచే ఇంత శబ్దం రాగలదన్నది కళ్లెదుట జరిగే అద్భుతం. బడి వ్యాయామశాలలో ధ్వని సరిగా లేదని గాయకులకు మైకులు తగిలిస్తే ఆ అద్భుతం పోయి, ఇంట్లో వినే పాటకూ దీనికీ తేడా మిగలదు. అంతకన్నా చిన్న గది చూసుకుని, వంద మంది పిల్లలను గాయని పక్కనే కూర్చోబెట్టడం మేలు.

పిల్లలను కూర్చోబెట్టడమే కాదు, పాడించే పద్ధతులు కూడా ఉన్నాయి. ఇటలీలో 1990ల ద్వితీయార్ధం నుంచి సాగుతున్న 'ఒపెరా దోమాని' పథకంలో ఉపాధ్యాయులు నెలల ముందే బడిలో కొన్ని ఘట్టాలను నేర్పుతారు; ప్రదర్శన రోజున పిల్లలు తమ కుర్చీల్లోంచే గాయకులతో కలిసి పాడతారు. బ్రిటెన్ 1958లో ఆర్ఫర్డ్ చర్చిలో ప్రదర్శించిన 'నోయిస్ ఫ్లడ్'లో జలప్రళయపు తొలి చినుకుల కోసం తాడుకు వేలాడదీసిన మగ్గులను వాడాడు. వాటిని వాయించేది పిల్లలే. ఇలాంటి చోట్ల కొలత తెలియాలి. పెద్దల గొంతు కోసం రాసిన ఆరియాను పిల్లల చేత పాడిస్తే లేత గొంతు దెబ్బతింటుంది. పల్లె పాటలా సూటిగా నడిచే బృందగానాన్ని శ్రుతి మార్చి ఇస్తే పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోతారు.

భాష గురించి రెండు మాటలు చాలు. పిల్లలకు తమ భాషలోనే పాడాలి. వేదిక పైన నడిచే అనువాద పంక్తులను ఏడేళ్లవాడు చదివేలోపు పాట ముందుకు వెళ్లిపోతుంది. అయితే అనువాదకుడు అర్థంతో పాటు నోటిని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. పై స్థాయిలో నిలబడవలసిన స్వరం మీద హల్లుతో ముగిసే ఇంగ్లిష్ మాట పడితే గాయని గొంతు మూసుకుపోతుంది. అచ్చుతో ముగిసే మాటలతో పాడుకునే తెలుగువారికి ఈ కష్టం వెంటనే ఊహకు రాకపోవచ్చు.

మొజార్ట్‌కు ప్రేక్షకుల నాడి ఎంత బాగా తెలుసో చెప్పే మరో ఉత్తరం అదే అక్టోబరుది. పాపగేనో పాత్రను స్వయంగా నాటకకర్త షికనేడర్ వేసేవాడు. అతడు వేదిక మీద వాయిస్తున్నట్టు నటించే గంటలను తెర వెనుక వేరొకరు వాయించేవారు. ఒక రాత్రి మొజార్ట్ తానే తెర వెనక్కి వెళ్లి, పాత్రధారి ఆగే చోట, వాయించకూడని సమయంలో గంటలు మోగించాడు. షికనేడర్ ఉలిక్కిపడి, ఇంకోసారి అలాగే జరిగేసరికి తన చేతిలోని గంటలను కొట్టి 'నోరు మూసుకో' అన్నాడు; హాలంతా నవ్వింది. పాపగేనో గంటలు నిజంగా వాయించడం లేదన్న సంగతి ఆ రాత్రి చాలామందికి తెలిసిందని మొజార్ట్ ముచ్చటపడుతూ రాశాడు.

అదే పాపగేనో చివరి అంకంలో చెట్టు కింద నిలబడి, మూడు లెక్కపెట్టేలోపు తనను ఎవరైనా ప్రేమిస్తే బతుకుతానంటాడు. ఒకటి అని తన పిల్లనగ్రోవి ఊదుతాడు, చుట్టూ చూస్తాడు. రెండు అని ఊదుతాడు. ఒక్కో అంకెకు ముందూ వెనుకా సంగీతం ఆగుతుంది. ఎంతసేపు ఆగాలన్నది పాత్రధారి చేతిలో ఉంటుంది. పిల్లలు నిండిన హాలులో ఆ నిశ్శబ్దం ఎక్కువసేపు ఉండదు. ముందు ఒక మూల నుంచి ఒక గొంతు, తర్వాత వరుసలకు వరుసలు 'వద్దు' అని అరుస్తాయి. సంగీతం ఆగిన ఆ కాసేపు స్వరలిపిలో ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి, కుదించేటప్పుడు మొదట కత్తెర పడేది దాని మీదే.